విరిగిన పాలన్నీ పాడైన పాలు కావు

ఈ నెల నాకు అందిన ఉత్తరాలలో నాలుగు చీజ్ గురించే వున్నాయి. పప్పు, పులుసు, పచ్చళ్ళ మీద సందేహాలు వచ్చే చోట ఇదేమి వింత అనిపించింది. ఆలోచిస్తే వింతేమీ లేదు. హనుమకొండ చౌరస్తా దాకా వెళ్ళి ఏ పెద్ద దుకాణంలో చూసినా పాలపొట్లాల పక్కనే చీజ్ పెట్టెలు దర్శనమిస్తున్నాయి. పిల్లలు పిజ్జా కావాలంటున్నారు. పై దేశాల నుంచి సెలవులకు వచ్చే అబ్బాయిలూ, అమ్మాయిలూ పెట్టెలో బట్టల మధ్య ఒక గడ్డ పెట్టుకు వస్తున్నారు. వస్తువు మన ఇళ్ళలోకి వచ్చేసింది. దానితో మెలిగే తీరు మాత్రం ఇంకా రాలేదు. కొత్త అల్లుడు వచ్చినట్టుగా వుంది వ్యవహారం: ఏం పెడితే తింటాడో, దేనికి అలుగుతాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొదటి ఉత్తరం హనుమకొండ సోదరిది. అబ్బాయి తెచ్చిన చీజ్ గడ్డ మీద పంచదార పలుకుల వంటి తెల్లని చుక్కలు కనిపించాయట. అత్తగారు బూజు అన్నారు. కోడలు కాదన్నది. చివరికి గడ్డ చెత్తకుండీలోకి పోయింది, అత్తాకోడళ్ళకు రెండు రోజులు మాటలు లేవు. "తప్పు ఎవరిదో మీరు చెప్పాలి" అని అడిగారు. రెండవది కరీంనగర్ గృహిణిది. దోసె మీద చీజ్ వేస్తే రబ్బరులా సాగి నూనె కక్కుతున్నదట. మూడవది ఒక పెద్దాయనది. చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన పదార్థమేదో కలుపుతారని విన్నారు. తాము శాకాహారులు, మనుమరాలు అది ఇష్టంగా తింటున్నది, చూస్తూ వూరుకోవాలా, మాన్పించాలా అన్నది ఆయన బాధ. నాల్గవది ఒక విద్యార్థిని రాసింది: "చీజ్ అన్నా జున్ను అన్నా ఒకటేనా సార్? నిఘంటువులో అలాగే వుంది."

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక నాల్గవ ఉత్తరంతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగిలిన మూడూ సులువుగా తేలుతాయి.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే చీజ్ అనే మాటకు జున్ను అనే అర్థం కనిపిస్తుంది. దావీదు యుద్ధరంగంలో వున్న అన్నలను చూడబోతూ వాళ్ళ అధిపతి కోసం తీసుకుపోయిన పది చీజ్ గడ్డలు తెలుగు బైబిలులో పది జున్నుగడ్డలయినాయి. అనువాదకులను తప్పుపట్టవలసిన పని లేదు. గడ్డకట్టిన పాలకు మన భాషలో వున్న ముచ్చటైన మాట అదే మరి. కాని మన ఊళ్ళో జున్ను అంటే ఎవరూ చీజ్ అనుకోరు. బర్రె ఈనిన మొదటి రెండు మూడు రోజుల పాలతో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెట్టినదే జున్ను. కన్నడిగులు దాన్ని గిణ్ణు అంటారు, మహారాష్ట్రులు ఖర్వస్ అంటారు. ఇక పనీరును కొందరు "పన్నీరు" అని రాస్తున్నారు. పన్నీరు పెళ్ళిలో చల్లేది, పనీరు కూరలో వేసేది. ఒక్క ఒత్తుతో పెళ్ళివారి మీద కూర చల్లినంత పని అవుతున్నది.

జున్ను, పనీరు, చీజ్ మూడూ గడ్డకట్టిన పాలే. గడ్డకట్టించిన తీరు మాత్రం మూడింటికీ మూడు విధాలు.

జున్నుపాలు తమంతట తామే గడ్డకడతాయి, వేడి తగిలితే చాలు. ఈనిన రోజు పాలలో మాంసకృత్తులు మామూలు పాలకంటే నాలుగింతల దాకా వుంటాయి. వాటిలో చాలాభాగం రోగాల నుంచి దూడను కాపాడేవి. అవి వేడికి గుడ్డులోని తెల్లసొనలాగే గట్టిపడతాయి. అందుకే జున్నుకు తోడూ అక్కరలేదు, నిమ్మరసమూ అక్కరలేదు.

పనీరుకు వేడి, పులుపు రెండూ కావాలి. కాగిన పాలలో నిమ్మరసం పిండితే పాలు విరిగి, గడ్డ ఒకవైపు, తేట ఒకవైపు అవుతాయి.

చీజ్‌కు వేడి కాదు, గోరువెచ్చదనం చాలు. ముందు తోడు వేస్తారు, మన పెరుగుకు వేసినట్టే. ఆ తరువాత రెన్నెట్ అనే పదార్థం చుక్కలు చుక్కలుగా కలుపుతారు. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు కంటికి కనిపించని ఉండలుగా తేలుతూ వుంటుంది. ఆ ఉండల మీద సన్నని నూగు వంటిది వుండి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. రెన్నెట్ ఆ నూగును కత్తిరిస్తుంది. నూగు పోగానే ఉండలన్నీ చేయీ చేయీ పట్టుకుంటాయి, పాలు ముద్దవుతాయి. ఆ ముద్దను కోసి, తేట వార్చి, ఉప్పు పట్టించి, అచ్చులో అదిమి నెలల తరబడి మాగబెడితే చెడ్డార్, గౌడా వంటివి తయారవుతాయి. మాగబెట్టకుండా వేడినీళ్ళలో సాగదీసి ముద్ద చేస్తే మోజరెల్లా. మన దేశం కూడా ఈ విద్యకు కొత్తది కాదు. జమ్ము వైపు కలాడి అనీ, బెంగాలులో బాండెల్ అనీ స్థానికమైన చీజ్‌లు వున్నాయి.

అమ్మాయీ, ఇది నీకు జవాబు. నిఘంటువులో జున్ను, చీజ్ అక్కచెల్లెళ్ళు. వంటింట్లో వేర్వేరు గడపలకు కోడళ్ళు.

జున్ను ప్రస్తావన వచ్చింది గనుక ఒక్క మాట చెప్పక తప్పదు. మా హసన్‌పర్తిలో కొన్ని వాడలలో ఇప్పటికీ బర్రె ఈనితే ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచే మర్యాద వుంది. కాని ఆ పాలకు మొదటి హక్కుదారు దూడ. మనిషి బిడ్డకు తల్లి కడుపులో వుండగానే కొంత రక్షణశక్తి చేరుతుంది. పశువుల్లో అలా చేరదు, దూడకు అదంతా మొదటి పాలతోనే రావాలి. పైగా పుట్టిన ఒకరోజు దాటితే ఆ శక్తిని గ్రహించే గుణం దూడ పేగులకు పోతుంది. పుట్టిన గంట రెండు గంటల్లో తాగించడం మొదలుపెట్టి, మొదటి రోజు దాని బరువులో పదో వంతు పాలు పట్టించాలని పశువైద్యులు చెబుతారు. 30 కిలోల దూడకు 3 లీటర్లన్నమాట. దాని కడుపు నిండాక మిగిలినవే మన గిన్నెలోకి. ఆ జున్నే అరుగుతుంది.

అలా మిగిలిన పాలు దొరికితే ఈ పాళ్ళు గుర్తుంచుకోండి. మొదటిరోజు పాలు ఒక గ్లాసుకు మామూలు పాలు రెండు గ్లాసులు. మూడోరోజు పాలయితే మామూలు పాలు కలపవలసిన పనే వుండకపోవచ్చు. ముప్పావు గ్లాసు బెల్లం తురిమి చల్లని పాలలోనే కరిగించి వడగట్టాలి. అర చెంచా మిరియాలపొడి, నాలుగు ఏలకులు. గిన్నెలో పోసి, మూతపెట్టి, ఇడ్లీపాత్రలో 20 నుంచి 25 నిమిషాలు ఆవిరి పట్టాలి. చాకు గుచ్చితే అంటకుండా రావాలి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు దాటనివ్వకండి. బజారులో దొరికే జున్నులో కొంత చైనా గ్రాస్ వేసి గట్టిపరచినది వుంటుంది. ముట్టుకుంటే జెల్లీలా వణికి, నోట్లో పాల చిక్కదనం తగలకపోతే అది జున్ను కాదు, జున్ను వేషం.

వేషాల మాట వచ్చింది గనుక ఇప్పుడు చీజ్ ఎంపిక.

దుకాణంలో చీజ్ పేరుతో కనిపించేవి మూడు జాతులు. మొదటిది సహజమైన చీజ్, అంటే పాలను గడ్డకట్టించి చేసినది. రెండవది ప్రాసెస్డ్ చీజ్. సహజమైన చీజ్‌ను కరిగించి, కొవ్వూ నీరూ విడిపోకుండా కొన్ని లవణాలు చేర్చి, మళ్ళీ అచ్చుపోసినది. 1911లో స్విట్జర్లాండులో ఈ పద్ధతి కనిపెట్టారు. 1916లో క్రాఫ్ట్ అనే ఆయన అమెరికాలో ఇటువంటి పద్ధతికి పేటెంటు పొందాడు. మనకు డబ్బాల్లో, ఘనాలుగా, పల్చని బిళ్ళలుగా దొరికేది ఎక్కువగా ఇదే. ఇందులో తప్పేమీ లేదు. ఎక్కువకాలం నిలవ వుంటుంది, నున్నగా కరుగుతుంది, ఉప్పు మాత్రం కాస్త ఎక్కువ. మూడవది చీజ్ కానే కాదు. పాలకొవ్వు బదులు పామాయిల్ వంటి నూనె చేర్చి చీజ్ రూపం కట్టినది. దీన్ని అనలాగ్ అంటారు. చవకగా వస్తుంది గనుక చిన్నా పెద్దా తిండిదుకాణాలలో దీని వాడకం ఎక్కువ. పిల్లవాడు పిజ్జా తిన్నాడు, పాలబలం చేరిందిలే అని తల్లి తృప్తి పడుతుంది. తిన్నది నూనె, పిండి అయితే ఆ తృప్తి ఉత్తదే కదా!

గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు, పొట్లం వెనక వున్న చిన్న అక్షరాలు చదివే ఓపిక వుంటే చాలు. సహజమైన చీజ్ మీద పదార్థాల పట్టిక నాలుగు మాటల్లో అయిపోతుంది: పాలు, ఉప్పు, కల్చర్, రెన్నెట్ లేదా ఎంజైమ్. కల్చర్ అంటే మరేమీ కాదు, మన తోడు. పట్టిక పొడుగు పెరిగి, ఎమల్సిఫయర్ అనే మాట కనిపిస్తే అది ప్రాసెస్డ్. వెజిటబుల్ ఆయిల్ అనో, పామ్ ఆయిల్ అనో కనిపిస్తే అనలాగ్. కొనేటప్పుడు తురిమి అమ్మేదాని కంటే గడ్డగా అమ్మేదే మేలు. తురుము అంటుకోకుండా పిండి వంటివి కలుపుతారు, పైగా గాలి ఎక్కువ తగిలి త్వరగా పాడవుతుంది. తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. పొట్లం ఉబ్బినట్టు వున్నా, లోపల చెమ్మ చేరినా వదిలెయ్యండి. ఎంత చవకగా వచ్చినా వారం పది రోజుల్లో తినగలిగినంత మించి కొనకండి.

ఇక పెద్దాయన ఉత్తరం. అయ్యా, మీరు విన్నది అబద్ధం కాదు. పూర్వం రెన్నెట్‌ను పాలుతాగే దూడల నాల్గవ కడుపు నుంచే తీసేవారు. కొన్ని విదేశీ రకాలకు ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఇటలీలో పార్మిజానో రెజ్జానో అనే ప్రసిద్ధమైన చీజ్‌కు సంప్రదాయం ప్రకారం దూడ రెన్నెట్ వాడి తీరాలి. కాని కాలం మారింది. సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వచ్చింది. దూడతో పని లేకుండా అదే ఎంజైమును పులియబెట్టే పద్ధతిలో తయారుచేసే విధానానికి 1990లో అమెరికాలో అనుమతి దొరికింది. ఉత్తరాదిన పనీర్ ఫూల్ అనే ఎండిన కాయలతోనూ పాలు గడ్డకట్టిస్తారు. మన దేశపు ఆహార ప్రమాణాల నిబంధనలు కూడా చీజ్ నిర్వచనంలో జంతువుల నుంచి తీయని రెన్నెట్‌నే పేర్కొన్నాయి. కాబట్టి ఇక్కడ తయారై, పచ్చని చతురస్రంలో పచ్చని చుక్క వున్న పొట్లం కొంటే మీ మనుమరాలు నిశ్చింతగా తినవచ్చు, మీరు నిశ్చింతగా చూడవచ్చు. విదేశం నుంచి వచ్చిన గడ్డ అయితే పొట్లం మీద వెజిటేరియన్ అనో, మైక్రోబియల్ రెన్నెట్ అనో వుందేమో వెతకండి. ఒట్టి రెన్నెట్ అని మాత్రమే వుంటే మీ నియమం మీరు పాటించండి. అమ్మాయికి కోపంతో కాక, కారణంతో చెప్పండి.

ఇప్పుడు నిలవ సంగతి. సహజమైన చీజ్ జీవం వున్న పదార్థం. పెట్టెలో పెట్టాక కూడా మాగుతూనే వుంటుంది. మన ఆవకాయ జాడీని ఎలా చూసుకుంటామో అలా చూసుకోవాలి: తడిచేయి తగలకూడదు, పొడిచాకుతోనే కోయాలి. ప్లాస్టిక్ కాగితంలో బిగించి చుడితే లోపల చెమ్మ పట్టి బూజు చేరుతుంది. విప్పి వదిలేస్తే ఎండి బీటలు వారుతుంది. వెన్నకాగితంలో చుట్టి, మూతవున్న డబ్బాలో పెట్టడం మధ్యేమార్గం. చీజ్ వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. కోసిన ఉల్లిగడ్డ పక్కన, ఎండుచేపల పక్కన పెట్టకండి. ఫ్రిజ్ తలుపులో పెట్టవద్దు, తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. కూరగాయల అర మంచిది. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా వుంచితే సుమారు నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. కరెంటు లేదు గదా, లోపల ఏమైందో చూద్దామని పదేపదే తెరవడమే అసలు చేటు.

మోజరెల్లా వంటి మెత్తనివి విప్పిన నాలుగైదు రోజుల్లో వాడెయ్యాలి. చెడ్డార్ వంటి గట్టివి మూడు నాలుగు వారాలు వుంటాయి. గడ్డకట్టే అరలో పెడితే గట్టి చీజ్ పొడిపొడిగా రాలుతుంది. అది కోసుకు తినడానికి పనికిరాదు గాని, తురిమి వంటలో వేసుకోవడానికి ఫరవాలేదు. ఇంట్లో చేసిన పనీరును నీళ్ళలో ముంచి, రోజూ నీళ్ళు మార్చి, మూడు రోజుల్లో ముగించండి.

హనుమకొండ సోదరి తీర్పు అడిగారు కదా, వినండి. మాగిన చెడ్డార్ మీద తెల్లని చుక్కలు రెండు కారణాల వల్ల వస్తాయి. ఒకటి బూజు. రెండవది కాల్షియం, పాలలోని ఆమ్లం కలిసి ఏర్పడే పలుకులు. బూజు నూగులా, మెత్తగా, తరచు పచ్చగానో నీలంగానో వుంటుంది, చూస్తూ వుండగా పెరుగుతుంది. పలుకులు గట్టిగా వుంటాయి, కొరికితే ఇసుక పలికినట్టు పలుకుతాయి. అవి హాని చేయవు. బాగా మాగిందనడానికి అవే గుర్తు. మీరు రాసిన పోలికను బట్టి చూస్తే అవి పలుకులే అయివుండాలి. ఒకవేళ బూజే అయినా గట్టి చీజ్‌ను మొత్తం పారేయనక్కరలేదు. బూజు చుట్టూ, కిందా ఒక అంగుళం మేర కోసేసి మిగిలినది వాడుకోవచ్చు, చాకు మాత్రం బూజుకు తగలకూడదు. మోజరెల్లా, పనీరు వంటి తడి వున్నవాటికి బూజు పడితే మాత్రం మారుమాట లేకుండా పారేయాలి, తడిలో బూజు లోపలికంటా పాకుతుంది. కావాలనే బూజు పట్టించిన విదేశీ రకాలు వేరే వున్నాయి, వాటి జోలి మనకిప్పుడు వద్దు. ఇక తప్పు ఎవరిదంటారా? అనుమానించినందుకు అత్తగారిని తప్పుపట్టలేము, ఇంటిల్లిపాది ఆరోగ్యం కాచుకు వచ్చిన కళ్ళు అవి. తెలియని వస్తువును పరీక్షించకుండా పారేయడం ఒక్కటే పొరపాటు, దానికి ఇద్దరికీ చెరిసగం. ఈ పేజీ ముందు అత్తగారికి ఇవ్వండి.

కరీంనగర్ సోదరి దోసె దగ్గరికి వద్దాం. చీజ్‌కు శత్రువు పెద్దమంట. ఎక్కువ వేడికి మాంసకృత్తు ముడుచుకుపోయి తనలోని కొవ్వును బయటికి పిండుతుంది. మీరు చూసిన నూనె అదే, రబ్బరు అదే. దోసె రెండోవైపు కాలాక మంట పూర్తిగా తగ్గించి, సన్నగా తురిమిన చీజ్ చల్లి, మూతపెట్టి అర నిమిషం ఆగండి. అంతకుమించి అక్కరలేదు. తురమడం చీజ్ చల్లగా వున్నప్పుడే సులువు. విడిగా తినేటప్పుడు మాత్రం అరగంట ముందే బయట పెడితే రుచి, వాసన విచ్చుకుంటాయి.

చీజ్ అన్ని వంటలలోకీ చివర్లో రావలసిన అతిథి. ఉప్పు కూడా అప్పుడే సరిచూసుకోవాలి. 30 గ్రాముల చెడ్డార్‌లో సుమారు అర గ్రాము ఉప్పు వుంటుంది, అందుకని కూరలో ముందుగానే ఉప్పు తగ్గించి వేయండి. మన వంటలకు నప్పే మూడు విధాలు చెబుతాను.

ఒకటి, జొన్నరొట్టె. రొట్టె పొంగి కాలాక పెనం దించి, వేడివేడి రొట్టె మీద వెల్లుల్లికారం కొద్దిగా రాసి, రెండు చెంచాల చీజ్ తురుము చల్లి మడవండి. రొట్టె వేడే కరిగిస్తుంది. జొన్న చప్పదనానికి చీజ్ ఉప్పదనం జోడు కుదురుతుంది.

రెండు, మిర్చి బజ్జీ. లావు మిరపకాయలు చీల్చి గింజలు తీసి, పనీరు రెండు పాళ్ళు, చీజ్ ఒక పాలు కలిపి, వాము నలిపి కూరండి. ఒట్టి చీజ్ కూరితే కరిగి నూనెలోకి కారుతుంది. పనీరు వేడికి కరగదు గనుక అది గోడలా నిలిచి చీజ్‌ను ఆపుతుంది. దోసె మీద పనీరు వేసి ఎప్పుడు కరుగుతుందా అని ఎదురుచూసేవారికి కూడా ఇదే జవాబు: కరగదు, అది దాని జాతిగుణం.

మూడు, కూరగాయల తెల్లకూర. చెంచాడు వెన్నలో చెంచాడు గోధుమపిండి దోరగా వేపి, గ్లాసుడు పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. ఉడికించిన ఆలుగడ్డ, బఠానీ, క్యారెట్ వేసి, పొయ్యి ఆర్పాక 50 గ్రాముల చీజ్ తురుము, మిరియాలపొడి కలపాలి. పిండి వున్నందువల్ల చీజ్ విడిపోదు, పొయ్యి ఆర్పినందువల్ల సాగదు. చపాతీలలోకి బాగుంటుంది, కారం తినలేని పిల్లలకు మరీ బాగుంటుంది.

ఇంట్లో పనీరు చేసుకోవడం ఇంకా సులువు. లీటరు బర్రెపాలు కాగిన తరువాత దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం అంతే నీళ్ళతో కలిపి కొద్దికొద్దిగా పోయండి. తేట పచ్చగా, నిర్మలంగా విడగానే ఆపెయ్యాలి. ఇంకా పులుపు పోస్తే పనీరు బిరుసెక్కుతుంది. పల్చని గుడ్డలో వడగట్టి, చన్నీళ్ళు పోసి, అరగంట బరువు పెడితే సుమారు 200 గ్రాముల గడ్డ వస్తుంది. ఆ తేటను పారబోయకండి. దానితో చపాతీ పిండి కలిపితే మెత్తగా వస్తుంది, చారులోకీ పనికివస్తుంది.

ఎవరు ఎంత తినాలి? 100 గ్రాముల చెడ్డార్‌లో 25 గ్రాముల మాంసకృత్తులు, 33 గ్రాముల కొవ్వు, 700 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, 400 కేలరీలు వుంటాయి. బలమైన ఆహారమే, కాని బలం ఎక్కువైనా బరువే. ఎదిగే పిల్లలకు రోజుకు 20, 30 గ్రాములు చాలు. రక్తపోటు వున్నవారు ఉప్పును దృష్టిలో పెట్టుకోవాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించే పెద్దలు కొందరుంటారు. మాగిన చీజ్‌లో పాలచక్కెర దాదాపు వుండదు గనుక వారికి అది సాధారణంగా పడుతుంది. గర్భిణీలు మాత్రం పచ్చిపాలతో చేసిన మెత్తని చీజ్ ముట్టకూడదు. దానితో వచ్చే లిస్టీరియా అనే సూక్ష్మజీవి బిడ్డకు ప్రమాదం తెస్తుంది. పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైనదేనా అని పొట్లం మీద చూసి తీరాలి.

చివరగా ఒక లెక్క. ఒక కిలో చెడ్డార్ తయారు కావాలంటే సుమారు 10 లీటర్ల ఆవుపాలు కావాలి. అంటే మన చేతిలో వున్న 200 గ్రాముల చిన్న గడ్డ వెనక రెండు లీటర్ల పాలు వున్నాయి. మా హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి మీదుగా పోతే ముల్కనూరు వస్తుంది. 1956లో సహకార గ్రామీణ బ్యాంకు వెలసిన ఊరు అది. 2000లో అక్కడే పూర్తిగా ఆడవాళ్ళతో పాల సహకార సంఘం మొదలైంది. స్వకృషి అనే పేరుతో ఆ పాలు పట్నాలకు వస్తున్నాయి. వేలమంది ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి, గడ్డి వేసి, కుడితి పెట్టి, పిండిన పాలు అవి. పాలు పోసే చోట ప్రతి చెంబుకూ వెన్న ఎంతో చూసి ధర కడతారు. నీళ్ళు కలిసిన పాలకు అక్కడ విలువ వుండదు. పోసేవారి పాలకు అంత పరీక్ష వున్నప్పుడు, కొనేవారి శ్రద్ధకు కొంతయినా వుండవద్దా?

మన ఇళ్ళలో పాలు విరిగితే మనసు చివుక్కుమంటుంది, అపశకునం అంటారు. మంచిదే, పాలంటే మనకు అంత గౌరవం. ఆ గౌరవంతోనే ఇంకొక్క అడుగు ముందుకు వెయ్యమంటాను. తమంతట విరిగిన పాలు వేరు, తెలిసి విరగ్గొట్టిన పాలు వేరు. మొదటిది ఏమరుపాటు, రెండవది విద్య. ఆ విద్య మన గడప తొక్కింది. కొనేముందు నాలుగు మాటలు చదవండి, కొన్నాక పొడిగా చుట్టండి, వండేటప్పుడు చివర్లో వెయ్యండి, అనుమానం వస్తే ముందు పరీక్షించి, తరువాత పారేయండి.

దోసె ఈసారి ఎలా వచ్చిందో కరీంనగర్ సోదరి తప్పక రాయాలి. అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నారో లేదో హనుమకొండ నుంచి కూడా ఒక కార్డుముక్క వస్తే సంతోషిస్తాను.